బిడ్డ వైద్యానికి ఏ కార్డు దేనికి? వైకల్యం గల పిల్లల కుటుంబాలకు ఒక లెక్క



ఆత్మకూర్ (ఎస్) మండలంలోని ఒక ఊరి నుంచి ఒక తల్లి తన ఏడేళ్ల బాబును ఎత్తుకుని మన ఫిజియోథెరపీ గదికి వచ్చింది. బాబుకు సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. నాలుగో ఏట నుంచి ఫిట్స్ కూడా మొదలయ్యాయి. ఆ రోజు వ్యాయామం చేయించుతుండగానే బాబుకు ఫిట్స్ వచ్చాయి. మందు సరిగా వేస్తున్నారా అని సిస్టర్ అడిగితే ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"పొద్దుటిది బందు జేసిన సిస్టరమ్మా. రాత్రి ఒక్కటే ఏస్తున్న. సీసా పది రోజులు ఎక్కువ వస్తదని."

ఆమె తప్పు చేయాలని చేయలేదు. చేతిలో డబ్బు లేక చేసింది. కానీ ఫిట్స్ మందు డాక్టరు చెప్పకుండా తగ్గించినా, ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ తిరగబెడతాయి. ఒక్కోసారి ఆగకుండా వచ్చి ప్రాణం మీదకే వస్తాయి. డాక్టరుగారు ఆమెకు ఈ సంగతి నెమ్మదిగా వివరించారు. అప్పుడామె తన సంచిలోంచి ఆరోగ్యశ్రీ కార్డు తీసి చూపించి ఒక ప్రశ్న అడిగింది.

"సారూ, మాకు ఈ కార్డు ఉంది గదా. మరి గోలీలకు, కసరత్తుకు పైసలెందుకు పెట్టుకోవాలె?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి వచ్చే ఎంతోమంది తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. కార్డు ఉంది, పింఛను వస్తోంది, అయినా ఇల్లు గడవడం లేదు. ఎక్కడ తేడా వస్తోంది? ఈ నెల దీనిని గురించి తెలుసుకుందాం.

ఖర్చు రెండు రకాలు

వైకల్యం గల బిడ్డ ఉన్న ఇంట్లో వైద్యం ఖర్చు రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది ఒక్కసారిగా వచ్చే పెద్ద ఖర్చు. ఆపరేషను, ఆసుపత్రిలో పడుకోబెట్టడం, ఐ.సి.యు. వంటివి. ఇది చూడగానే భయపెడుతుంది. అప్పు తెస్తారు, పుస్తెలు కుదువ పెడతారు.

రెండోది ప్రతి నెలా వచ్చే చిన్న ఖర్చు. మందులు, ఫిజియోథెరపీ, మాట నేర్పే స్పీచ్ థెరపీ, బస్సు, ఆటో, బిడ్డ వెంట వచ్చిన రోజు పోయిన కూలి. ఇది భయపెట్టదు. కానీ ఆగదు.

ఆరోగ్యశ్రీ గానీ, మామూలు ఇన్సూరెన్సు పాలసీ గానీ ముఖ్యంగా మొదటి ఖర్చు కోసం ఏర్పడినవి. రెండో ఖర్చును అవి చాలావరకు ముట్టుకోవు. ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. వారానికి రెండుసార్లు, అంటే నెలకు ఎనిమిదిసార్లు బిడ్డను థెరపీకి తీసుకువస్తారనుకుందాం.

మందులు నెలకు 900 రూపాయలు.
ఫిజియోథెరపీ, రోజుకు 200 చొప్పున ఎనిమిది రోజులకు 1,600.
ఆటో, దారి ఖర్చు, రోజుకు 120 చొప్పున 960.
తల్లి పోగొట్టుకునే కూలి, రోజుకు 400 చొప్పున 3,200.

మొత్తం నెలకు 6,660 రూపాయలు. ఏడాదికి 79,920. అంటే దాదాపు 80 వేలు. ఇందులో ఒక్క రోజు కూడా ఆసుపత్రిలో పడుకోబెట్టిన ఖర్చు లేదు. ఒక్క ఆపరేషను లేదు. కూలి ఇంటికి ఏటా 80 వేలంటే ఎంతో మీకు తెలియనిది కాదు.

ఈ లెక్కలో అన్నిటికంటే పెద్ద పద్దు ఏదో గమనించండి. మందులు కాదు, డాక్టరు ఫీజు కాదు. తల్లి పోగొట్టుకున్న కూలి. దానికి ఎవరూ బిల్లు ఇవ్వరు. అందుకే అది ఎవరి లెక్కలోకీ రాదు.

అన్నిటికీ తాళంచెవి సర్టిఫికెట్టు

ఏ పథకానికి వెళ్లినా మొదట అడిగేది వైకల్య ధ్రువపత్రం. మన రాష్ట్రంలో ఎన్నో ఏళ్లుగా దీనిని సదరం సర్టిఫికెట్టు అని పిలుస్తున్నాం. ఇప్పుడు దేశమంతటా చెల్లుబాటయ్యే యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు 7 రకాల వైకల్యాలనే గుర్తించేవారు. ఈ చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, తలసేమియా, సికిల్ సెల్ వంటివి అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్టు ఉంటే చాలా పథకాలకు అర్హత వస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా చూడండి.

ఒకటి, సర్టిఫికెట్టులో ఏ వైకల్యం రాశారో చదివించుకోండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు కేవలం 'శారీరక వైకల్యం' లేదా 'చలన వైకల్యం' అని మాత్రమే రాసి ఉంటే, మనం ముందు చెప్పుకోబోయే నిరామయ పథకంలో చేరడం కష్టమవుతుంది. శిబిరానికి వెళ్లేటప్పుడు బిడ్డ పాత వైద్య కాగితాలన్నీ తీసుకువెళ్లి, జబ్బు పేరు స్పష్టంగా రాయమని డాక్టరుగారిని వినయంగా అడగండి.

రెండు, చిన్నపిల్లలకు కొన్నిసార్లు గడువు ఉన్న సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ తేదీ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. గడువు దాటితే దానిమీద ఆధారపడిన పింఛను, పాసు అన్నీ ఇబ్బందిలో పడతాయి.

ఆరోగ్యశ్రీ: పెద్ద ఖర్చుకు

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో మన ఉమ్మడి నల్గొండ జిల్లాకు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి పెంచారు. దీనికి కుటుంబం ప్రీమియం కట్టనక్కరలేదు.

ఈ పథకంలో చేరిన ఆసుపత్రిలో, జాబితాలో ఉన్న చికిత్సలకు డబ్బు కట్టకుండా వైద్యం అందుతుంది. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులకు శస్త్రచికిత్స, పుట్టు చెవిటి పిల్లలకు చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు వంటివి ఎంతోమంది పేదపిల్లలకు దీని ద్వారానే అందాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. ముందుగా వారిని కలవండి. అనుమానాలు ఉంటే 104 నంబరుకు ఫోను చేయవచ్చు.

కానీ గుర్తుంచుకోండి. ఇది జాబితాలో ఉన్న చికిత్సలకు వర్తిస్తుంది. వారానికి రెండుసార్లు చేయించే కసరత్తుకు, ప్రతి నెలా కొనే సిరప్పుకు, స్పీచ్ థెరపీకి సాధారణంగా వర్తించదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బిగుసుకుపోయిన కాళ్లకు రోజూ కసరత్తు చేయించకపోతే కీళ్లు అలాగే వంగి గట్టిపడతాయి. అప్పుడు ఆపరేషను అవసరం పడవచ్చు. చిన్న ఖర్చుకు డబ్బు లేక ఆపేస్తే, బిడ్డ పెద్ద ఖర్చు దాకా వెళ్తాడు. ఆపరేషనుకు కార్డు ఉండవచ్చు. కానీ ఆ నొప్పి కార్డు పడదు, బిడ్డే పడాలి.

నిరామయ: నెలనెలా వచ్చే ఖర్చుకు

మన ప్రాంతంలో చాలామందికి తెలియని పథకం ఇది. 1999లో పార్లమెంటు నేషనల్ ట్రస్టు చట్టం చేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటిలో ఏదైనా ఉన్నవారి సంక్షేమం కోసం ఆ ట్రస్టు ఏర్పడింది. దాని కింద 2008లో నిరామయ ఆరోగ్య బీమా మొదలైంది. నిరామయ అంటే రోగం లేని స్థితి అని అర్థం.

దీని ప్రత్యేకతలు చూడండి.

ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది.
చేరే ముందు వైద్య పరీక్ష అడగరు. ఇప్పటికే ఉన్న జబ్బు అని తోసిపుచ్చరు. వయసు పరిమితి లేదు.
ఆసుపత్రిలో పడుకోకపోయినా, ఓ.పి. వైద్యం, మందులు, పరీక్షలు, థెరపీ ఖర్చులకు వర్తిస్తుంది. దారి ఖర్చుకు కూడా కొంత ఇస్తారు.
ఏ ఆసుపత్రిలోనైనా వైద్యం చేయించుకోవచ్చు.

చేరేటప్పుడు దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు 250 రూపాయలు, ఇతరులకు 500 రూపాయలు రుసుము. తర్వాత ప్రతి ఏటా కొనసాగించడానికి వారికి 50, వీరికి 250. చేరే ముందు రుసుము ఒకసారి అడిగి కట్టండి. ట్రస్టు దగ్గర నమోదైన స్వచ్ఛంద సంస్థల ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. వైకల్య ధ్రువపత్రం, ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం కావాలి.

అయితే ఇది ఆరోగ్యశ్రీ లాగా కార్డు చూపితే బిల్లు మాఫీ అయ్యే పద్ధతి కాదు. ముందు మనం ఖర్చు పెట్టాలి. తర్వాత అసలు బిల్లులు పంపితే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. లక్ష అనేది మొత్తం పరిమితి. ఆపరేషనుకు ఇంత, ఓ.పి.కి ఇంత, థెరపీకి ఇంత అని లోపల వేర్వేరు పరిమితులు ఉంటాయి. పాలసీ ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరిలో చేరితే రెండు నెలలే మిగులుతాయి. కాబట్టి ఏడాది మొదట్లోనే చేరడం, మార్చిలోనే కొనసాగింపు రుసుము కట్టడం మంచిది.

మన ఉదాహరణలో మందులు, ఫిజియోథెరపీ కలిపి నెలకు 2,500, ఏడాదికి 30 వేలు. లోపరిమితులను బట్టి ఇందులో కొంత భాగం తిరిగి వచ్చినా, కట్టిన రుసుముతో పోలిస్తే అది ఎన్నో రెట్లు. ముఖ్యంగా పొద్దుటి మందు ఆపవలసిన అవసరం రాదు.

పింఛను: కూలి పోయిన రోజుకు

తెలంగాణలో వైకల్య పింఛను 2023 జూలై నుంచి నెలకు 4,016 రూపాయలు చేశారు. పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. మన లెక్కలో తల్లి పోగొట్టుకునే కూలి 3,200, దారి ఖర్చు 960, రెండూ కలిపితే 4,160. చూశారా, పింఛను దాదాపు ఈ రెండు పద్దులకు సరిపోతుంది. అంతకు మించి మిగలదు.

అందుకే ఈ మూడింటిని విడివిడిగా చూడకండి. ఆపరేషనుకు ఆరోగ్యశ్రీ, మందులకు థెరపీకి నిరామయ, దారికి కూలికి పింఛను. మూడూ ఉంటేనే లెక్క కుదురుతుంది. ఒకటి ఉంది కదా అని మిగతావి వదిలేస్తే, ఆ వదిలేసిన పద్దు దగ్గరే అప్పు పుడుతుంది.

ఉద్యోగం ఉన్న కుటుంబాలకు

మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసే సహోదరులు తమకు ఇ.ఎస్.ఐ. ఉందో లేదో కనుక్కోండి. 2017 నుంచి నెల జీతం 21,000 వరకు ఉన్నవారికి ఇది వర్తించేలా చేశారు. కార్మికుని జీతంలోంచి నూటికి ముప్పావు రూపాయి మాత్రమే పట్టుకుంటారు. యజమాని నూటికి మూడుంబావు కడతారు. మామూలుగా పిల్లలకు ఒక వయసు దాటితే ఇ.ఎస్.ఐ. వైద్యం ఆగిపోతుంది. కానీ శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల పూర్తిగా తల్లిదండ్రుల మీదే ఆధారపడిన బిడ్డకు వయసు పెరిగినా కుటుంబ సభ్యుడిగానే వైద్యం కొనసాగుతుంది. ఈ సంగతి తెలియక ఎందరో వదిలేసుకుంటున్నారు.

ఇక ప్రైవేటు ఇన్సూరెన్సు. ఒక కుటుంబం అనుభవం చెబుతాను. బిడ్డకు డౌన్ సిండ్రోమ్. పాలసీ ఇప్పించిన వ్యక్తి, ఫారములో ఆ సంగతి రాస్తే ఇవ్వరు, రాయొద్దు అన్నాడు. వారు నమ్మి సంతకం పెట్టారు. మూడేళ్లు ప్రీమియం కట్టారు. బిడ్డకు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ముందే ఉన్న స్థితిని దాచారని క్లెయిము తోసేశారు. పాలసీ కూడా రద్దయింది. కట్టిన ప్రీమియం పోయింది, ఆసుపత్రి బిల్లు మీద పడింది.

కాబట్టి ఫారములో ఏదీ దాచకండి. నిజం రాస్తే ప్రీమియం పెరగవచ్చు, కొంతకాలం ఆగమనవచ్చు. కానీ అవసరం వచ్చిన రోజున ఆ పాలసీ నిలబడుతుంది. ముందే ఉన్న జబ్బుకు కంపెనీ ఆపగలిగే గడువు 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా మూడేళ్లు. అంతకుముందు నాలుగేళ్లు ఉండేది.

వైకల్యం ఉందనే ఒక్క కారణంతో బీమా నిరాకరించే పద్ధతి మీద 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు గట్టిగా స్పందించింది. 2023 ఫిబ్రవరిలో బీమా నియంత్రణ సంస్థ, అంటే ఐ.ఆర్.డి.ఎ.ఐ., వైకల్యం గలవారికి తగిన పాలసీని ప్రతి ఆరోగ్య బీమా కంపెనీ అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. తీసివేశారు. అంతకుముందు అది 18 శాతం.

కంపెనీ అన్యాయంగా తోసేసిందని అనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ న్యాయం జరగకపోతే ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దీనికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

ఖర్చును తగ్గించే దారులు

ఇన్సూరెన్సు డబ్బు వచ్చేదాకా ఆగకుండా, ఉచితంగా దొరికేవాటిని ముందు వాడుకోవాలి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి ఈ బృందం వస్తుంది. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె జబ్బు, ఎదుగుదలలో ఆలస్యం వంటివి గుర్తిస్తే పై ఆసుపత్రికి పంపి ఉచితంగా చికిత్స చేయిస్తారు. బృందం వచ్చే రోజు బిడ్డను ఇంట్లో దాచకండి.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం విద్యాశాఖ మండల స్థాయిలో భవిత కేంద్రాలు నడుపుతోంది. అక్కడ చదువుతోపాటు ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. దగ్గరలోనే కసరత్తు దొరికితే దారి ఖర్చు, పోయే కూలి రెండూ తగ్గుతాయి.

సికింద్రాబాదు బోయినపల్లిలోని జాతీయ సంస్థ, 1984 నుంచి బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం పనిచేస్తోంది. ఇంట్లోనే తల్లి ఏం నేర్పించాలో అక్కడ చూపిస్తారు. చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కాలిపర్ వంటి పరికరాలకు కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకం ఉంది. తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఉచితంగా ఇస్తారు.

మందులు కొనేటప్పుడు జన ఔషధి దుకాణంలో ధర అడిగి చూడండి. అయితే ఫిట్స్ మందుల్లో కంపెనీ మార్చే ముందు డాక్టరును తప్పక అడగాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. బిడ్డకు ఆర్టీసీ రాయితీ పాసు ఉంటే బస్సు ఖర్చు ఇంకా తగ్గుతుంది.

ఒక సంచి, ఒక నోటు పుస్తకం

ఆ తల్లి సంచిలో బిల్లులు ఉన్నాయి. కానీ సగం వానకు తడిసి అక్షరాలు చెరిగిపోయాయి. కొన్నిటి మీద బిడ్డ పేరు లేదు. కొన్ని వట్టి తెల్ల చీటీలు. వాటిమీద రూపాయి కూడా రాదు. క్లెయిము నిలబడాలంటే ఇవి పాటించండి.

ప్రతి బిల్లు మీద బిడ్డ పేరు, తేదీ, దుకాణం లేదా ఆసుపత్రి ముద్ర ఉండాలి.
డాక్టరు రాసిన చీటీ బిల్లుతో జతచేసి ఉంచాలి. థెరపీ అవసరమని కూడా డాక్టరుతో రాయించుకోవాలి.
థెరపీ చేసినవారి సంతకం, రిజిస్ట్రేషను నంబరు, వచ్చిన తేదీలు ఉండాలి.
అసలు కాగితాలు పంపేముందు జిరాక్సు తీసుకోవాలి. ఫోనులో ఫోటో కూడా తీసి పెట్టుకోండి. కొన్ని బిల్లుల మీద సిరా కొన్ని నెలలకే వెలిసిపోతుంది.
నిరామయ క్లెయిము వైద్యం జరిగిన 30 రోజుల్లోగా పంపాలి.
ఒక నోటు పుస్తకంలో తేదీ, ఖర్చు, పంపిన క్లెయిము, వచ్చిన డబ్బు రాసుకోవాలి. పోయిన కూలి కూడా రాయండి. బిడ్డ కోసం మీరు ఎంత మోస్తున్నారో ఇంట్లోవారికి అప్పుడే తెలుస్తుంది.

తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరోగ్యశ్రీ ఉన్నవారు నిరామయలో చేరవచ్చా?
చేరవచ్చు. కానీ ఒకే బిల్లుకు రెండు చోట్ల డబ్బు అడగకూడదు. అది మోసం అవుతుంది.

మా పాపకు చూపు లేదు. నిరామయ వస్తుందా?
అంధత్వం ఒక్కటే ఉంటే రాదు. దానితోపాటు మరో వైకల్యం కూడా ఉండి, బహుళ వైకల్యం అని సర్టిఫికెట్టు ఉంటే వస్తుంది. మిగతావారికి ఆరోగ్యశ్రీ, పింఛను, ఎడిప్ పరికరాలు, ఉద్యోగస్తులైతే ఇ.ఎస్.ఐ. ఉన్నాయి.

బాబుకు 18 ఏళ్లు నిండాయి. ఇప్పుడు ఎవరు సంతకం పెట్టాలి?
నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. సంరక్షకులుగా నియమించమని తల్లిదండ్రులు అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు.

సంఘం చేయవలసిన పని

ఆ తల్లి వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. "మా అత్త అంటది సారూ, ఏ పాపం చేస్తే ఇట్లాంటోడు పుట్టిండో అని. ఆ మాటకు గుడికి గూడ ఎత్తుకపోతలేను."

పుట్టు గుడ్డివాడిని చూసి శిష్యులు కూడా ప్రభువును ఇదే అడిగారు. వీడు చేసిన పాపమా, వీడి తల్లిదండ్రులదా అని. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీసి చదవండి. ప్రభువు ఆ రెండింటినీ కాదన్నాడు. ప్రభువు కాదన్న మాటను మన ఇళ్లలో, మన గుమ్మాల్లో ఇంకా ఎందుకు అంటున్నాము?

మార్కు సువార్త రెండో అధ్యాయంలో ఒక పక్షవాయువు రోగి ఉన్నాడు. అతనిని నలుగురు మోసుకొచ్చారు. జనం దారి ఇవ్వకపోతే ఇంటి కప్పు విప్పి దించారు. ఒక్కరు మోయగలిగేది కాదు గనుక నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నారు. వైకల్యం గల బిడ్డ మంచానికి కూడా నాలుగు మూలలు ఉన్నాయి. ఒకటి ఆరోగ్యశ్రీ, ఒకటి నిరామయ, ఒకటి పింఛను. నాలుగో మూల సంఘానిది. మన సంఘాల్లో అది చాలాకాలంగా తల్లి ఒక్కతే పట్టుకుంటోంది.

పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. చదువుకున్న యవనస్థులు ఒక ఆదివారం కూర్చుని సంఘంలో ఇలాంటి బిడ్డలున్న ఇళ్లకు ఫారములు నింపిపెట్టవచ్చు. స్త్రీల సమాజం వారు ఆ 250 రూపాయలు కట్టి, ప్రతి మార్చిలో గుర్తు చేయవచ్చు. క్లెయిము డబ్బు వచ్చేదాకా మందులకు కొంత చేబదులు ఇవ్వవచ్చు. వారానికి ఒకరోజు ఎవరైనా బిడ్డను థెరపీకి తీసుకువెళ్తే తల్లికి ఒక కూలి మిగులుతుంది. ఇవన్నీ కానుక పెట్టెలో వేసిన కానుకలకు తక్కువేమీ కావు.

ఆ తల్లికి సిస్టర్ ఒక ప్లాస్టిక్ ఫైలు, ఒక నోటు పుస్తకం ఇచ్చింది. ఆ నెల మందులు రెండు పూటలకూ సరిపడా ఇచ్చి పంపాము. బాబు సర్టిఫికెట్టు తీసి చూశాము. సెరిబ్రల్ పాల్సీ అని స్పష్టంగా ఉంది. నిరామయ దరఖాస్తు నింపాము. తర్వాతి వారం ఆమె వచ్చినప్పుడు ఫైలు తెరిచి చూపించింది. మొదటి బిల్లు నీటుగా మడిచి పెట్టి ఉంది. నోటు పుస్తకంలో రెండో వరుసలో, ఆమె మరిది చేత రాయించినట్టుంది, ఇలా ఉంది: కూలి పోయింది, నాలుగు వందలు.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఇలాంటి బిడ్డ ఉంటే ఈ పత్రిక వారికి చదివి వినిపించండి. కాగితాలు తీసుకుని మన ఆసుపత్రికి వస్తే దరఖాస్తులు నింపడంలో సాయపడతాము. ప్రభువు ఆ పసిబిడ్డలను, వారిని మోస్తున్న చేతులను బలపరచును గాక.